రెండు కిలోమీటర్ల ఎండ

ఆ ఫొటోగ్రాఫరుని తోటివాళ్ళంతా ‘దుర్భిణి’ అని పిలిచేవాళ్ళు. మోచెయ్యంత లెన్సు భుజాన వేసుకుని ముప్ఫై ఏళ్ళు తిరిగిన మనిషి. పెళ్ళి ఫొటోలు తీయమంటే తప్పించుకునేవాడు. ఆయనకి కావలసింది దూరం. ఎక్కడో కొండలు, వాటి మీద నీలంగా పరుచుకున్న వెలుగు, ఆ వెలుగులో చీమంత మనిషి. అలాంటి ఫొటోలు పెద్ద పెద్ద సైజుల్లో ఆఫీసు గోడల మీద, ఆసుపత్రి వరండాల్లో వేలాడుతూ ఉంటాయి. వాటి కింద కూర్చున్నవాళ్ళు ఎవరూ తలెత్తి చూడరనుకోండి, అది వేరే సంగతి.

“ఈయనకి పది కిలోమీటర్ల అవతల కొండెక్కే మేక కనిపిస్తుంది. ఎదురుగా ఉన్న పెళ్ళానికి జ్వరమొస్తే మాత్రం కనిపించదు,” అని వేళాకోళం చేసేది భార్య. ఆయన ఫొటోల్లో ఆ చీమంత మనిషి ఆవిడే. కొండ ఎంత పెద్దదో చూసేవాళ్ళకి తెలియాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి. తనని తాను ‘కొలబద్ద’ అని చెప్పుకుని నవ్వేది. పాతికేళ్ళు అలా దూరంగా నిలబడింది.

దూరపు ఫొటోకి పగవాడు వేడి. నేల కాలితే దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ గాలి లోంచి చూస్తే రాళ్ళూ స్తంభాలూ చెట్లూ అన్నీ ఏటి అడుగున ఉన్నట్టు వణుకుతాయి. లెన్సు ఎంత పెద్దదైతే వణుకు అంత పెద్దది. అందుకే ఆయన తెల్లవారుజామున, నేల ఇంకా చల్లగా ఉండగానే పని ముగించేవాడు. కారు ఏసీలోంచి తీసిన లెన్సుని గంటసేపు బయటి గాలికి అలవాటు చేసేవాడు. కాగిన కారు బానెట్ మీదుగా ఎప్పుడూ గురిపెట్టేవాడు కాదు. ఇవన్నీ ఆయనకి కంఠతా వచ్చిన పాఠాలు. ఇన్ని తెలిసీ ఆ రోజు మిట్టమధ్యాహ్నం తీశాడు.

ఒక కంపెనీవాళ్ళు ఎండమావే కావాలన్నారు. ఎండిపోయిన ఉప్పు చెరువు, దాని మీద లేని నీళ్ళు, ఆ నీళ్ళ మీద తేలే కొండలు, నడుమ నీటి మీద నిలబడ్డట్టు ఒక ఆడమనిషి. మధ్యాహ్నం తప్ప అది దొరకదు. మధ్యాహ్నమేమో అంతా వణుకు. వందల ఫొటోలు తీస్తూ పోతే, ఎక్కడో ఒక రెప్పపాటు గాలి ఊపిరి బిగబట్టుకుంటుంది. ఆ రెప్పపాటు కోసం కాసుక్కూర్చోవాలి.

చెరువు నడుమ, కెమెరాకి సరిగ్గా రెండు కిలోమీటర్ల దూరంలో సున్నం కొట్టిన రాయి ఒకటి గుర్తుగా పెట్టాడు. ఆవిడ ఎర్ర చీరలో వెళ్ళి ఆ రాయి పక్కన నిలబడింది. ఫొటోలో బాగోదని గొడుగు వద్దన్నాడు. సరేనని కారులోనే వదిలేసి వెళ్ళింది. పన్నెండుకి ముందు ఒకసారి ఫోన్ చేసి, “ఇంకెంతసేపండీ?” అంది. “పది నిమిషాలు, కదలకు,” అన్నాడు. ఆ తర్వాత ఆవిడ ఫోన్ ఎండకి వేడెక్కి ఆగిపోయింది. ఆ సంగతి ఆయనకి సాయంత్రం గానీ తెలియలేదు.

పోలీసులతోనూ డాక్టరుతోనూ చుట్టాలతోనూ ఆయన చెప్పింది ఒకటే మాట. “ఆ ఎండమావిలో ఏమీ తెలియదండీ. ఒక ఎర్ర చుక్క. అంతే.” డాక్టరు తల పంకించి, ఒక్క అరగంట ముందు తెచ్చినా దక్కేదేమో అన్నాడు.

నిజం నిప్పులాంటిదంటారు. ఆయన దాన్ని గుప్పిట్లో పట్టుకునే తిరిగాడు గానీ చెయ్యి కాలినట్టు కూడా తెలియలేదు. ఆవిడ చెయ్యి ఎత్తింది. ఆయన చూశాడు. మొదటిసారి వేడి గాలి చేసే మాయ అనుకున్నాడు, ఎండమావిలో స్తంభాలు కూడా చేతులు ఊపుతాయి మరి. రెండోసారి అలా అనుకోవడానికి కొంచెం కష్టపడ్డాడు. కానీ అప్పుడే గాలి తేరుకుంటోంది, కొండ అంచు గీత గీసినట్టు వస్తోంది... ఇంకొక్క నిమిషం అనుకున్నాడు. మూడోసారి ఊపి ఆవిడ కూర్చుంది. అలిసిపోయి కూర్చుందిలే అనుకున్నాడు.

నెలన్నర అయింది. ఏడుపు రాలేదు. రాలేదే అన్న బాధ కూడా లేదు. పొద్దున లేచి టీ పెట్టుకునేవాడు, రెండు గ్లాసుల్లో పోసేవాడు, రెండూ తనే తాగేవాడు. ఎవరైనా పలకరిస్తే పలికేవాడు. ఒంట్లో ఎక్కడో తీగ తెగిపోయి అటు కబురు ఇటు రావడం లేదన్నట్టుండేది. ఆ రోజు తీసిన ఫొటోలన్నీ పోయాయని అందరికీ చెప్పాడు. ఒక డబ్బాలో భద్రంగానే ఉన్నాయి.

అలాంటప్పుడు మరదలు వచ్చింది. భార్యకి సొంత చెల్లెలు. హైస్కూల్లో లెక్కల టీచరు. పిల్లల చేత మూడు చెరువుల నీళ్ళు తాగించే రకం. జవాబు సరిగ్గా వచ్చినా, మధ్యలో ఒక మెట్టు ఎగ్గొడితే మార్కులు వెయ్యదు.

వచ్చి సంచి కింద పెట్టి, మంచినీళ్ళు తాగి, ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

“బావగారూ, ఒక్కటి అడుగుతాను. ఏమీ అనుకోకండి. అక్క మొండిది కాదు. ఒంట్లో బాగోకపోతే ఊరుకోదు. ఫోన్ పని చెయ్యకపోతే ఏం చేస్తుంది? చెయ్యి ఊపుతుంది. అవునా?”

“ఊపిందేమో. నాకు కనబడలేదమ్మా.”

“అంత లెన్సులోంచి కూడానా?”

“వేడి గాలి. నీకు చెప్పినా అర్థం కాదు.”

“అయితే చెప్పకండి. చూపించండి,” అంది మరదలు. “రేపు మధ్యాహ్నం అక్క నిలబడ్డ చోటే నేను నిలబడతాను. మీరు అప్పుడున్న చోటే ఉండి చూడండి. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా. నేను ఎన్నిసార్లు చెయ్యి ఊపానో మీరు కాగితం మీద రాయండి. మీ అంకె తప్పితే, మీరు చెప్పింది నిజం. సరిపోతే...”

“సరిపోతే?”

“అప్పుడు చూద్దాం.”

ఆయన సరే అన్నాడు. కాదంటే అనుమానం. భయం కూడా వెయ్యలేదు. ఎన్నిసార్లు ఊపినా సరే, కాగితం మీద సున్నా వెయ్యాలని ఆ కుర్చీలో కూర్చునే నిశ్చయించుకున్నాడు. ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది ఆడటం ఎంతసేపు? సున్నా వేస్తే ఇక ఎవరూ అడగరు. ఆయనకి కావలసింది అంతే, ఎవరూ అడక్కుండా ఉండటం.

మర్నాడు పదకొండింటికల్లా చెరువు గట్టు మీద ఉన్నారు. గట్టు దిగితే తెల్లటి ఉప్పు నేల, కంటికి ఆనినంత మేర చదును. ఎడమపక్క పాత కరెంటు స్తంభాల వరస, దాని వెంట చుట్టూ తిరిగి వెళ్ళే బండి బాట. మనిషి అలికిడి లేదు. ఎండిన నాచు కంపు, కాలిన ఇనుము లాంటి వాసన.

మరదలు రెండు సీసాల నీళ్ళూ నల్ల గొడుగూ తీసుకుంది. ఫోన్‌ని తడిగుడ్డలో చుట్టింది. లెక్కల టీచరు కదా, ఒకరు చేసిన తప్పు తను చెయ్యదు.

“నేల మీద అడ్డంగా పడి వెళ్ళకు, కాళ్ళు దిగబడతాయి. బాట మీద వెళ్ళు,” అన్నాడాయన.

“అక్కకి చెప్పారా ఈ మాట?” అంది. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆయన స్టాండు బిగించాడు. కెమెరాలో కార్డు వెయ్యలేదు. ఇవాళ తీసేదేమీ లేదు, చూడటమే. ఒక తెల్ల కాగితం అట్టకి పెట్టి పక్కన ఉంచుకున్నాడు. పెన్ను మూత తీసి పెట్టుకున్నాడు. పన్నెండు అవుతుండగా కన్ను ఆనించాడు.

లెన్సులో చెరువు నిండిపోయి ఉంది. లేని నీళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి. కొండలు అడుగు తెగిపోయి గాల్లో తేలుతున్నాయి. స్తంభాలు సాగుతున్నాయి, కుంగుతున్నాయి, మధ్యకి విరిగి మళ్ళీ అతుక్కుంటున్నాయి. సున్నపు రాయి ఒకసారి మనిషంత పొడుగవుతోంది, ఒకసారి పళ్ళెంలా పరుచుకుంటోంది. దాని పక్కన నల్ల గొడుగు కింద మరదలు. ఆవిడా వణుకుతోంది. పొగలాగా.

చప్పుడు లేదు. కాలిన ఉప్పు పెళ్ళలు ఎక్కడో ఒకటి టప్పుమని పగలడం, మళ్ళీ ఏమీ లేకపోవడం.

పన్నెండూ ఏడుకి ఒక చెయ్యి లేచింది.

నెమ్మదిగా లేచి, ఇటూ అటూ ఊగి, దిగింది. ఆయన చూశాడు. చాలా బాగా చూశాడు. కాగితం మీద సున్నా వేశాడు. లోపల ఏమీ కదల్లేదు.

మళ్ళీ కన్ను ఆనించాడు. ఏదో తేడాగా ఉంది. ముప్ఫై ఏళ్ళ చూపు కదా, మనసుకి తెలియకముందే కంటికి తెలిసింది. ఇందాక రాయి వణికింది. గొడుగు వణికింది. గొడుగు కింద మనిషి వణికింది. ఆ చెయ్యి మాత్రం... వణకలేదు.

గాలి తేరుకుందేమో అనుకున్నాడు. అలా అనుకోవడం ఆయనకి అలవాటే.

పన్నెండూ పదహారు. చెయ్యి మళ్ళీ లేచింది. ఈసారి ముంజేతి దగ్గర ఏదో తళుక్కుమంది. వాచీ. నల్ల తోలు పట్టీ, గుండ్రటి ముఖం. పట్టీకి ఉన్న బెజ్జాలు కూడా కనిపిస్తున్నాయి... ఒకటి, రెండు, మూడు...

ఆయన కెమెరా నుంచి కన్ను తీసేశాడు.

రెండు కిలోమీటర్ల దూరంలో, మిట్టమధ్యాహ్నం, ఏ లెన్సులోనూ వాచీ పట్టీ బెజ్జాలు కనిపించవు. ప్రపంచంలో అలాంటి లెన్సు లేదు. మరదలు వాచీ పెట్టుకోదు. ఆ నల్ల తోలు పట్టీ వాచీ భార్యది, ఆసుపత్రివాళ్ళు ఒక కవర్లో పెట్టి ఆయన చేతికే ఇచ్చారు. ఇంట్లో బీరువాలో ఉంది.

గాలి ఎంత తక్కువుంటే వణుకు అంత తక్కువ. ఇది కూడా కంఠతా వచ్చిన పాఠమే. వణకడం లేదంటే... మధ్యలో గాలి లేదన్నమాట. దూరం లేదన్నమాట.

కెమెరా ముందు చూశాడు. తెల్లటి నేల. ఎవరూ లేరు. చెయ్యి చాపి లెన్సు ముందు ఆడించాడు. ఖాళీ గాలి, వేడిగా.

చూడకూడదనుకున్నాడు. చూశాడు.

చెయ్యి లేచే ఉంది. ఊపడం లేదు. అరచెయ్యి ఇటు తిప్పి... అలా ఎత్తి పెట్టి ఉంది. గొడుగుకి పక్కగా. ఇందాకటి కన్నా పెద్దదిగా. వేళ్ళ సందుల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ఆ చెయ్యి మూడోసారి ఊగింది. అటు... ఇటు... చాలా ఓపికగా.

దిగింది.

వెంటనే గొడుగు కనిపించకుండా పోయింది.

అప్పుడు ఆయన ఒంట్లో తెగిన తీగ ఎక్కడో అతుక్కుంది. మరదలు పడిపోయింది అనుకున్నాడు. చెయ్యి ఎవరిదైతేనేం, పడింది మాత్రం ఒక మనిషి. ఈసారి గాలి కోసం ఆగలేదు. టోపీ లేదు, నీళ్ళు లేవు, బాట సంగతే గుర్తు రాలేదు. గట్టు దిగి రాయి వైపు గీత గీసినట్టు తిన్నగా పరిగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది గానీ, పట్టుకున్నాడు పాపం.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఉప్పు పెళ్ళ విరిగి కాళ్ళు చీలమండల దాకా దిగబడుతున్నాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ముందు నీళ్ళు మెరుస్తూ వెనక్కి జరుగుతున్నాయి, ఎంత పరిగెత్తినా అదే దూరంలో. ఎన్నిసార్లు పడ్డాడో, ఎంతసేపు పట్టిందో తెలియదు. చెమట పట్టడం ఎప్పుడో ఆగిపోయింది.

రాయి దగ్గర ఎవరూ లేరు.

గొడుగు లేదు. సీసాలు లేవు. బాట వైపు నుంచి వచ్చి, కాసేపు నిలబడి, మళ్ళీ బాట వైపే వెళ్ళిన చెప్పుల గుర్తులు మాత్రం ఉన్నాయి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటూ ఉండగా జేబులో ఫోన్ మోగింది. పట్టుకుంటే కాలుతోంది.

“బావగారూ, ఎక్కడికి వెళ్ళారు?” మరదలు గొంతు. “నేను గట్టు మీదున్నాను, మీ కెమెరా దగ్గర. ఉక్కగా ఉందని కాస్త ముందే గొడుగు మూసేసి బాట మీదుగా వచ్చేశాను. మీరు లేరు.”

“నువ్వు... పడిపోయావనుకున్నాను...” నాలుక పిడచకట్టుకుపోయింది.

“నాకేమీ కాలేదు.” అట్ట మీంచి కాగితం తీసిన చప్పుడైంది. మళ్ళీ వచ్చినప్పుడు ఆ గొంతు వేరేగా ఉంది. “బావగారూ, కాగితం చూశాను. సున్నా వేశారు.”

ఆయన ఫోన్‌ని రెండో చెవికి మార్చాడు.

“నేను ఒక్కసారి కూడా చెయ్యి ఊపలేదు. కావాలనే. మీరు నిజం చెబుతున్నారా, నన్ను నమ్మించడానికి ఏదో ఒక అంకె వేస్తారా అని చూద్దామనుకున్నాను. మీరు సున్నా వేశారు. లేనిది చూశానని రాయలేదు. సరైన జవాబు.” ఆవిడ ఏడుస్తోంది. “నెలన్నర నుంచి మిమ్మల్ని అనుమానించాను. అక్క చెయ్యి ఊపితే చూసి కూడా ఊరుకున్నారని... ఛీ, నా బుద్ధి. నన్ను క్షమించండి బావగారూ.”

ఆయన రాయి మీద చెయ్యి ఆనించాడు. కాలుతున్నా తియ్యలేదు. మొదట వచ్చింది ఊరట. సిగ్గులేకుండా, వరదలాగా వచ్చింది. నెలన్నరలో మనసుకి తగిలిన మొదటి సంగతి అదే. ఇక ఎవరూ అడగరు. ప్రశ్నలు లేవు, జవాబులు లేవు. బతికిపోయాడు. దాని వెనకాలే, చాలా నెమ్మదిగా, రెండోది వచ్చింది. మరదలు ఒక్కసారి కూడా చెయ్యి ఊపలేదు.

“అమ్మాయ్,” అన్నాడు. గొంతు గుసగుసలా వచ్చింది. “నేను చూశాను. మూడుసార్లు. ఆ రోజూ మూడుసార్లే. నాకు కనబడింది.”

“ఏంటండీ? వినబడట్లేదు. గరగరమంటోంది.”

“నాకు కనబడిందమ్మా...”

“వినబడట్లేదు బావగారూ. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. ఉండండి, మిమ్మల్ని ఇందులోంచి చూస్తాను.” కెమెరా మీద ఆవిడ వంగి ఉంటుంది. ఆయన అటు చూశాడు. గట్టు లేదు, కారు లేదు, వణికే నీళ్ళు తప్ప ఏమీ లేదు. “ఆఁ, కనిపించారు. అబ్బ, ఒకటే వణుకు, మీరు మనిషో స్తంభమో కూడా తెలియట్లేదు. పాపం మీరు చెప్పింది నిజమే. ఆవిడ మాత్రం ఎంత స్పష్టంగా కనిపిస్తోందో...”

ఆయన రాయి మీంచి చెయ్యి తీశాడు.

“ఎవరు?” అన్నాడు.

“అదే, మీ పక్కనున్నావిడ. ముఖం అటు తిప్పుకుంది. ఎవరండీ, ఉప్పు తవ్వేవాళ్ళా? ఎండ మండిపోతోంది, ఆవిణ్ణి కూడా తీసుకుని తొందరగా వచ్చెయ్యండి.”

ఫోన్ తెర నల్లబడి ఆగిపోయింది.

పక్కకి చూడలేదు. కుడివైపు చూడలేదు, ఎడమవైపు చూడలేదు. కళ్ళు కాళ్ళ దగ్గరే ఉంచుకుని, గట్టు ఎటుందో గుర్తు చేసుకుని, ఒక అడుగు వేశాడు. ఉప్పు పెళ్ళ కరకరమంది. ఇంకో అడుగు. కరకర. మూడో అడుగు వేసి ఆగిపోయాడు.

పక్కన నాలుగో అడుగు చప్పుడైంది. అది కూడా ఆగింది.